బంగాళాదుంపలో గోధుమ వలయాలు: ఏ పరీక్ష చేయించాలి, ఏ నివారణ ఎంచుకోవాలి

తవ్వి తీసిన బంగాళాదుంప పైకి నున్నగా, ఏ లోపమూ లేనట్టే ఉంటుంది. కత్తితో అడ్డంగా కోసిన తరువాత మాత్రం లేత పసుపు గుజ్జులో గోధుమరంగు చాపాలు, ఒకదానిలో ఒకటి ఒదిగిన అర్ధవలయాలు, అక్కడక్కడ తుప్పు మరకలవంటి చుక్కలు బయటపడతాయి. స్కాట్లాండు రైతులు దీనిని స్ప్రెయింగ్ అంటారు. వారి మాండలికంలో ఆ మాటకు చార అని అర్థం. స్వీడన్‌లో దీని పేరు రోస్ట్‌రింగార్, అంటే తుప్పు వలయాలు. చిప్స్ కర్మాగారానికి చేరిన లారీలో ఇటువంటి దుంపలు కొన్ని దొరికినా మొత్తం సరుకు వెనక్కి రావచ్చు, ఎందుకంటే తొక్క తీసే యంత్రం పైపొరను తీయగలదు కానీ గుజ్జు లోతున ఉన్న మచ్చను తీయలేదు.

ఈ ఒక్క లక్షణం వెనుక నేలద్వారా సోకే రెండు వేర్వేరు వైరస్‌లు ఉండవచ్చు. ఒకటి పొటాటో మాప్‌టాప్ వైరస్, రెండవది టొబాకో రాటిల్ వైరస్. దుంపను కోసి చూసి ఈ రెండింటిని విడదీయడం అనుభవజ్ఞులకు కూడా సాధ్యం కాదు. అయినా విడదీయక తప్పదు, ఎందుకంటే ఒకదానికి పనిచేసే మందు రెండవదానిపై ఏమాత్రం పనిచేయదు. అందువల్ల ఏ మందు వాడాలన్న ప్రశ్నకు ముందు ఏ పరీక్ష చేయించాలన్న ప్రశ్న తేలాలి. పరీక్షకయ్యే ఖర్చును అనవసరమనుకుని నేరుగా రాటిల్‌కు వాడే గుళికల మందు కొన్న రైతు, తన పొలంలో ఉన్నది మాప్‌టాప్ అయితే, ఆ డబ్బును మట్టిలో పోసినట్టే.

మోసుకొచ్చేది ఎవరు

మాప్‌టాప్ వైరస్‌ను 1966లో కాల్వర్ట్, హారిసన్ అనే శాస్త్రవేత్తలు నేలద్వారా వ్యాపించే వైరస్‌గా వివరించారు. మూడేళ్ల తరువాత, 1969లో, దానిని మోసేది స్పాంగోస్పోరా సబ్‌టెర్రేనియా అని జోన్స్, హారిసన్ చూపించారు. దుంపల తొక్కమీద పౌడరీ స్కాబ్ అనే పొడి గజ్జిని కలిగించేది కూడా ఈ జీవే. పాత పుస్తకాలలో దీనిని శిలీంధ్రంగా రాశారు కానీ నిజానికి ఇది శిలీంధ్రం కాదు, వేరే వర్గానికి చెందిన ఏకకణ పరాన్నజీవి. గజ్జి గుంటలో కనిపించే గోధుమరంగు పొడిలో ప్రతి రేణువూ వందల సిద్ధబీజాలు స్పాంజిలా అతుక్కున్న ముద్ద. నేల చల్లగా, తడిగా ఉన్నప్పుడు ఆ సిద్ధబీజాల నుంచి తోకలున్న కణాలు వెలువడి, మట్టి రేణువుల మధ్యనున్న నీటి పొరలో ఈదుతూ వేరు నూగులోకి చొరబడతాయి. వైరస్ వాటి లోపలే ప్రయాణిస్తుంది. పంట లేకపోయినా ఆ సిద్ధబీజాలలో వైరస్ పద్దెనిమిదేళ్ల వరకు బతికి ఉన్నట్టు నమోదైంది. ఆరేళ్ల పంట మార్పిడి చేస్తే సరిపోతుందనే సలహా ఈ లెక్క ముందు నిలవదు.

రాటిల్ వైరస్ కథ వేరు. దానిని మోసేవి ట్రైకోడోరస్, పారాట్రైకోడోరస్ జాతుల నులిపురుగులు. ఇవి వేరు కొనలను పొడిచి రసం పీల్చడం వల్ల వేర్లు మొండిగా మారతాయి. ఇసుక నేలలంటే వీటికి ఇష్టం, బంకమట్టిలో కదలలేవు. వైరస్ ఈ పురుగు గుడ్లలోకి వెళ్లదు. పైగా పురుగు కుబుసం విడిచినప్పుడల్లా తనలో ఉన్న వైరస్‌ను పోగొట్టుకుంటుంది. కాబట్టి ప్రతి తరమూ మళ్లీ ఏదో ఒక రోగగ్రస్త మొక్క నుంచి వైరస్‌ను తెచ్చుకోవలసిందే. ఆ మొక్క దొరకడం కష్టమేమీ కాదు, ఎందుకంటే రాటిల్ వైరస్ నాలుగు వందలకు పైగా మొక్కజాతులలో బతకగలదు, వాటిలో చాలావరకు కలుపు మొక్కలే. కొన్ని కలుపు జాతుల విత్తనాలలో కూడా అది తరువాతి ఏడాదికి దాటుతుంది. నివారణలో రాటిల్‌కు ఉన్న బలహీనత అంతా ఈ కలుపు దగ్గరే ఉంది. ఆ సంగతికి తరువాత వస్తాను.

కంటిచూపు ఎంతవరకు

చూపు ఉచితం, కాబట్టి మొదట దానినే వాడుకోవాలి, కానీ దానికొక హద్దు ఉంది. దుంప తొక్కమీద కొద్దిగా ఉబ్బిన వలయాలు కనిపిస్తే మాప్‌టాప్ వైపు అనుమానం మొగ్గుతుంది. అదే దుంపల మీద పొడి గజ్జి గుంటలు కూడా ఉంటే అనుమానం ఇంకాస్త బలపడుతుంది. పొలంలో ఆకుల మీద పసుపు మచ్చలు, వి ఆకారంలో పసుపు చారలు, లేదా కణుపులు దగ్గరపడి తలభాగం కుచ్చులా ముడుచుకున్న మొక్కలు ఉంటే, అది రోగమున్న విత్తన దుంప నుంచి వచ్చిన మాప్‌టాప్ లక్షణం. వైరస్ పేరులోని మాప్ అనే మాట ఆ కుచ్చును చూసి పెట్టినదే. మరోవైపు పొలం తేలిక ఇసుకనేల అయి, గజ్జి జాడే లేకపోతే రాటిల్‌ను అనుమానించవచ్చు.

ఇంతకు మించి కంటిని నమ్మకూడదు. పొటాటో వైరస్ వై లోని ఒక తెగ కూడా తొక్కమీద వలయాలు తెస్తుంది, దానిని వ్యాపింపజేసేది పేనుబంక. నేలకు దానితో సంబంధం లేదు. వేడి నేలల్లో, నీటి ఎద్దడిలో, సున్నపు ధాతువు దుంపకు సరిగా అందనప్పుడు ఏ వైరస్ లేకుండానే గుజ్జులో తుప్పురంగు చుక్కలు వస్తాయి. ఇంకొక చిక్కు ఏమిటంటే, మాప్‌టాప్ లక్షణాలు తవ్విన రోజున పూర్తిగా కనబడవు. నిల్వలో ఉష్ణోగ్రత మారినప్పుడు కొత్త వలయాలు పుట్టుకొస్తాయి. తవ్విన రోజు కోసి చూసి బాగుందని సంతకం చేసిన సరుకే, రెండు నెలల తరువాత గిడ్డంగి నుంచి తీసినప్పుడు చారలతో బయటపడవచ్చు. అందువల్ల కోసి చూసే పరీక్షను ఒకసారి కాక, తవ్వినప్పుడొకసారి, నిల్వలో కొన్ని వారాలుంచిన తరువాత మరొకసారి చేయాలి.

ఎలైసా, పీసీఆర్, ఎర మొక్క

ప్రయోగశాలకు పంపాలనుకున్నప్పుడు సాధారణంగా ఎదురయ్యే ఎంపిక ప్రతిరక్షకాలతో వైరస్‌ను పట్టే ఎలైసాకూ, దాని జన్యు పదార్థాన్ని వెతికే పీసీఆర్‌కూ మధ్య ఉంటుంది. ఎలైసా చవక, ఒకేసారి పెద్దసంఖ్యలో నమూనాలను చూడగలదు. అది వైరస్ పైనున్న మాంసకృత్తు తొడుగును పట్టుకుంటుంది. మాప్‌టాప్‌కు ఇది పనికొస్తుంది, అయితే వైరస్ దుంపంతటా సమంగా పరుచుకుని ఉండదు కనుక గుజ్జును ఎక్కడి నుంచి తీశామన్నది ఫలితాన్ని మార్చేస్తుంది. చార ఉన్న దుంప అయితే చారను ఆనుకున్న గుజ్జునే తీయాలి. చార లేని దుంప అయితే ఒకటికి నాలుగు చోట్ల తీయాలి.

రాటిల్‌కు మాత్రం ఎలైసాను నేను సిఫారసు చేయను. దానికి కారణం ఆ వైరస్ నిర్మాణంలోనే ఉంది. రాటిల్ వైరస్‌కు రెండు ఆర్‌ఎన్‌ఏ ముక్కలు ఉంటాయి. మొదటి ముక్కలో వైరస్ పెరగడానికి, కణం నుంచి కణానికి కదలడానికి కావలసినదంతా ఉంటుంది. తొడుగు తయారుచేసే సూచన రెండవ ముక్కలో ఉంటుంది. మొదటి ముక్క ఒంటరిగానే మొక్కలో పెరిగి, చారలు తెప్పించి, కణజాలాన్ని చంపగలదు. బంగాళాదుంపలో ఇటువంటి తొడుగులేని సంక్రమణ అరుదు కాదు. తొడుగే లేనప్పుడు తొడుగును వెతికే పరీక్ష రోగం లేదనే చెబుతుంది. దుంపలో కళ్లెదుట చార కనబడుతుండగా నివేదికలో రాటిల్ లేదని వస్తే, వచ్చినది రాటిల్ కాదని తీర్మానించుకుని తప్పు దారిలో వెళ్లే ప్రమాదం ఇక్కడే ఉంది. తొడుగు ఉన్న తెగలలో కూడా వైవిధ్యం ఎక్కువ కావడంతో ఒకే ప్రతిరక్షకం అన్నింటిని పట్టదు.

పీసీఆర్ మొదటి ఆర్‌ఎన్‌ఏ ముక్కనే వెతుకుతుంది కనుక ఈ చిక్కు ఉండదు. 2000లో ఇంగ్లండులో మమ్‌ఫర్డ్ బృందం మాప్‌టాప్, రాటిల్ రెండింటినీ ఒకే గొట్టంలో గుర్తించే రియల్‌టైమ్ ఆర్‌టీ పీసీఆర్ పద్ధతిని ప్రకటించింది. గోధుమ చార ఉన్న దుంప చేతిలో ఉండి, కారణం ఏమిటో తెలియనప్పుడు, ఆ తరహా జంట పరీక్షే సరైన ఎంపిక. ఒక్కో నమూనాకు ఖర్చు ఎక్కువైనా ఒకే నివేదికలో రెండు ప్రశ్నలూ తేలతాయి. ఒక విత్తన సరుకులో మాప్‌టాప్ శాతం ఎంతో తెలుసుకోవడానికి వందల దుంపలు చూడవలసివస్తే మాత్రం ఎలైసా లెక్క లాభదాయకంగా ఉంటుంది.

ఇవన్నీ పంట చేతికి వచ్చాక చేసే పరీక్షలు. నాటడానికి ముందే పొలం సంగతి తెలియాలంటే మట్టిని అడగాలి. నులిపురుగుల సంఖ్య లెక్కించడం ఒక మార్గం కానీ, సంఖ్య ఎక్కువగా ఉన్నంత మాత్రాన వాటిలో వైరస్ ఉందని కాదు. తక్కువగా ఉన్నా అన్నీ వైరస్ మోస్తూ ఉండవచ్చు. పొడి గజ్జి సిద్ధబీజాల డీఎన్‌ఏ పరీక్షకు కూడా ఇదే పరిమితి వర్తిస్తుంది. వాహకమూ ఉంది, దానిలో వైరస్ కూడా ఉంది అని ఒకేసారి చెప్పగలిగేది ఎర మొక్క పరీక్ష. అనుమానమున్న మట్టిని కుండీలో నింపి, పొగాకు జాతి నారును నాటి, తడి ఆరకుండా చల్లని గదిలో కొన్ని వారాలు పెంచి, వేర్లను కడిగి పీసీఆర్ చేస్తారు. ఆలస్యమైనా నమ్మదగిన సమాధానం ఇస్తుంది.

ఈ పరీక్షలో చాలామంది చేసే పొరపాటు మట్టిని తెచ్చే పద్ధతిలో ఉంది. మాప్‌టాప్ కోసమైతే మట్టిని నీడలో ఆరబెట్టి జల్లించడం మంచిది. ఆరిన మట్టిలో సిద్ధబీజాలు బతుకుతాయి, నులిపురుగులు చనిపోతాయి, కనుక ఎర మొక్కకు వచ్చిన వైరస్ ఎవరి వల్ల వచ్చిందో స్పష్టంగా తెలుస్తుంది. రాటిల్ కోసమైతే సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చేయాలి. ఆ నులిపురుగులు ఎంత సున్నితమైనవంటే మట్టి సంచిని కారు వెనుక ఎండలో వదిలేసినా, గట్టిగా విసిరినా, ఆరనిచ్చినా అవి చచ్చిపోతాయి. తడి పోకుండా ప్లాస్టిక్ సంచిలో కట్టి, చల్లని పెట్టెలో ఉంచి, వీలైనంత త్వరగా ప్రయోగశాలకు చేర్చాలి. స్కాట్లాండులో విత్తన బంగాళాదుంప నాటే ముందు వేరే జాతివైన తిత్తి నులిపురుగుల కోసం మట్టి పరీక్ష తప్పనిసరి. ఆ నమూనాను ఆరబెట్టి తిత్తులను తేలుస్తారు కనుక, అదే మట్టిని రాటిల్ పరీక్షకు వాడుకుందామనుకుంటే చచ్చిన పురుగుల మట్టిలో వైరస్ వాహకాలను వెతికినట్టు అవుతుంది.

రాటిల్ అని తేలితే

మూడు మార్గాలు ఉన్నాయి, వాటిలో నేను మొదట రకం మార్పునే చూడమంటాను. హాలండులో పుట్టిన పాత రకం బింట్జే రాటిల్‌ను తట్టుకుంటుంది. బ్రిటిష్ రకం పెంట్లాండ్ డెల్, అమెరికాలో విస్తారంగా వేసే రస్సెట్ బర్బాంక్ తట్టుకోలేవు. ఇసుకనేలలో రోగం ఉందని తెలిసీ తట్టుకోలేని రకాన్నే వేసి, దాని వెనుక మందు చల్లుకుంటూ పోవడం కన్నా కొనుగోలుదారుతో రకం గురించి మాట్లాడుకోవడం చవక. కొనుగోలుదారు ఆ రకమే కావాలని పట్టుబడితే రెండవ మార్గమైన నులిపురుగు మందులు మిగులుతాయి.

నాటేటప్పుడు మట్టిలో కలిపే గుళికల మందులు సాధారణంగా పురుగును చంపవు, కొన్ని వారాలు కదలకుండా కుదేలు చేస్తాయి. ఆ వ్యవధిలో లేత వేర్లూ, కొత్తగా పుట్టే దుంపలూ తప్పించుకుంటాయి. ఈ పనికి దశాబ్దాలుగా వాడిన ఆక్సామిల్‌కు యూరోపియన్ యూనియన్ 2023లో అనుమతి పునరుద్ధరించలేదు. అమెరికాలో వాయురూపంలో వ్యాపించే డైక్లోరోప్రొపీన్ వంటి ధూమకాలు వాడతారు. అవి ఖర్చుతో కూడినవి, పైగా నులిపురుగులు వేసవిలో లోతుకు దిగి ధూమకం చేరని చోట దాక్కుని తరువాత పైకి రాగలవు. మందుల మీద ఆధారపడే పద్ధతికి చట్టం నుంచీ, నేల లోతు నుంచీ కూడా ఇబ్బంది ఉందన్నమాట.

మూడవ మార్గం సొంత భూమి ఉన్నవారికి మాత్రమే కుదురుతుంది కానీ నా దృష్టిలో అన్నింటికన్నా ఆలోచన ఉన్నది అదే. అమెరికా వాయవ్య ప్రాంతంలో, వాషింగ్టన్ రాష్ట్రపు ఇసుకనేలలలో చేసిన పరిశోధనలలో, లూసర్న్ గడ్డి ఈ నులిపురుగులకు తిండి పెడుతుంది కానీ రాటిల్ వైరస్‌కు ఆశ్రయం ఇవ్వదని తేలింది. పురుగులు లూసర్న్ వేర్లు తింటూ, కుబుసాలు విడుస్తూ, తరాలు మారుతూ పోయేసరికి పురుగులు మిగులుతాయి, వాటిలో వైరస్ మిగలదు. పురుగును చంపకుండానే దాని చేతిలోని ఆయుధాన్ని లాక్కోవడం ఇది. అయితే చేనులో కలుపు ఉండకూడదన్నదే ఇక్కడి షరతు. కామంచివంటి ఒక్క కలుపు జాతి గుబుర్లుగా మిగిలినా పురుగులు దాని నుంచి మళ్లీ వైరస్ తెచ్చుకుని లూసర్న్ చేసిన పనినంతా రద్దు చేస్తాయి. కలుపు తీయడం మీద పట్టులేని రైతు ఈ మార్గం ఎంచుకోకపోవడమే మంచిది.

మాప్‌టాప్ అని తేలితే

ఇక్కడ నిజాయితీగా చెప్పవలసినది, చేనులోకి ఒకసారి వచ్చిన మాప్‌టాప్‌ను వెళ్లగొట్టే మందు లేదు. శిలీంధ్రనాశిని ఫ్లుఅజినమ్‌ను మట్టిలో కలిపితే పొడి గజ్జి కొంత తగ్గుతుంది. వైరస్ వ్యాప్తిని ఆపడానికి అది చాలదు. గజ్జి మచ్చ పడాలంటే దుంపమీద విస్తారంగా సంక్రమణ కావాలి, వైరస్ దాటడానికి మాత్రం కొద్దిపాటి చొరబాటు చాలు. గంధకం వేసి నేల ఆమ్లత పెంచి పీహెచ్ ఐదు దాకా దించితే వ్యాప్తి ఆగినట్టు 1970లలో బ్రిటన్ ప్రయోగాలలో కనిపించింది, కానీ అంత ఆమ్లనేలలో తరువాతి పంట ఏమి వేయాలన్నది వేరే సమస్య. దుంపలు పుట్టే రోజులలో నీటి తడులను తగ్గించడం, నీరు నిలిచే పల్లాలను వదిలేయడం అంతకన్నా ఆచరణ సాధ్యం.

కాబట్టి మాప్‌టాప్ విషయంలో పోలిక మందుల మధ్య కాదు, విత్తనానికీ నేలకూ మధ్య. విత్తన దుంపలో వైరస్ ఉన్నా అన్ని పిల్ల దుంపలకూ అది చేరదు. వాహకం లేని నేలలో నాటితే మూడు నాలుగు తరాలలో వైరస్ దానంతట అదే కనుమరుగవుతుంది. అదే దుంపను పొడి గజ్జి ఉన్న నేలలో నాటితే సిద్ధబీజాలు ఆ వైరస్‌ను పుచ్చుకుని దశాబ్దాలపాటు దాచుకుంటాయి. రెండు విత్తన సరుకుల మధ్య ఎంచుకోవలసివస్తే, లోపల కొద్దిగా చారలున్నా తొక్క శుభ్రంగా ఉన్నదానికన్నా, చారలు లేకపోయినా గజ్జి గుంటలున్నదే భూమికి ఎక్కువ ప్రమాదకరం కావచ్చు. ఈ మాట విత్తన వ్యాపారులకు నచ్చదు. పశువులకు గజ్జి దుంపలను పచ్చివిగా మేపి, ఆ పేడను చేనుకు తోలడం కూడా అంతే ప్రమాదం, ఎందుకంటే ఆ సిద్ధబీజాలు పశువు కడుపులోంచి బతికే బయటికి వస్తాయి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో 2002లో మాప్‌టాప్ బయటపడిన తరువాత ఆ దేశపు విత్తన పరీక్షలలో దానిపై శ్రద్ధ పెరిగింది.

రకాల ఎంపికలో ఒక ముడి ఉంది. చిప్స్‌కు పేరున్న సటర్నా రకం స్కాండినేవియా దేశాలలో మాప్‌టాప్‌కు బాగా చారలు పడుతుంది, అందుకే రోగం త్వరగా దొరికిపోతుంది. చారలు పడని రకాలు వైరస్‌ను అడ్డుకుంటున్నట్టు కాదు, చాలావరకు మౌనంగా మోస్తున్నట్టే. బజారులో కూరకు అమ్మే దుంపకు చార పడని రకం మంచి ఎంపిక. విత్తనంగా అమ్మే దుంపకు అది చెడ్డ ఎంపిక, ఎందుకంటే కొన్నవాడికి కంటితో ఏ హెచ్చరికా అందదు. విత్తన రైతు మౌనంగా మోసే రకం వేస్తే ప్రయోగశాల పరీక్ష ఖర్చును లెక్కలో ముందే వేసుకోవాలి.

తెలుగు నేలకు సంబంధం

వాహకాన్ని పట్టుకుంటేనే వైరస్ పట్టుబడుతుందన్న ఈ లెక్క తెలుగు రైతులకు కొత్త కాదు. బాపట్ల ప్రాంతపు ఇసుకనేలలలో వేరుశనగను పొట్టిగా గుబురుగా మార్చే ఇండియన్ పీనట్ క్లంప్ వైరస్ మాప్‌టాప్ కుటుంబానికి చెందినదే. దానిని మోసే పాలిమిక్సా కూడా స్పాంగోస్పోరాకు దగ్గరి బంధువే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో డి.వి.ఆర్. రెడ్డి తదితరులు దానిపై చేసిన పనిలో ఎర పంట ఆలోచన ఫలించింది. వేరుశనగకు ముందు సజ్జను ఒత్తుగా చల్లి, తడిపెట్టి, మొలిచిన కొద్దిరోజులకే దున్నేస్తే, సిద్ధబీజాలు సజ్జ వేర్లలో చొరబడి తమ చక్రం పూర్తి చేసుకోకముందే నశిస్తాయి. బంగాళాదుంప గజ్జికి ఉమ్మెత్తను ఇలాగే ఎరగా వేసి చూశారు కానీ అది రైతు నమ్ముకోగల పద్ధతిగా మారలేదు. విషపు మొక్కను చేనంతా పెంచి సమయానికి దున్నడం తప్పితే ఏమవుతుందో చెప్పనవసరం లేదు.

జహీరాబాద్ వైపు ఆలుగడ్డ, పలమనేరు వైపు ఉర్లగడ్డ పండించేవారు దుంపలో గోధుమ మచ్చ చూసిన వెంటనే ఈ వైరస్‌లను తలచుకోనక్కరలేదు. మన నేలల్లో వేడినీ, నీటి ఎద్దడినీ ముందు అనుమానించాలి. అయితే విత్తనం చల్లని ప్రాంతాల నుంచి వస్తున్నప్పుడు బస్తా దించుకునే ముందు ఒక పని చేయవచ్చు. వేర్వేరు బస్తాల నుంచి ఇరవై ముప్పై దుంపలు తీసి, మట్టి పోయేలా కడిగి ఆరనిచ్చి, తొక్కమీద అంచులు చిరిగిన చిన్న గుంటలు, వాటిలో గోధుమ పొడి ఉన్నాయేమో చూడాలి. ఆ తరువాతే కోసి, లోపల చాపాలున్నాయేమో చూడాలి. గుంటలూ చాపాలూ రెండూ కనబడితే ఆ దుంపలను విడిగా కాగితపు సంచిలో కట్టి, రెండు వైరస్‌లకూ పీసీఆర్ చేసే ప్రయోగశాలకు పంపి, ఫలితం వచ్చేదాకా మిగతా బస్తాలను చేను గట్టుకు కూడా తేకుండా షెడ్డులోనే ఉంచాలి.